కళ్లు మూసుకోవడం పారిపోవడమా?



మొన్న పౌర్ణమినాడు మా అనంతసాగరం దగ్గర ఒక పేటలో వందనం అయ్యాక, "ఓ పది నిమిషాలు కదలకుండా కూర్చుని శ్వాసను గమనిద్దాం" అన్నాను. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ నవ్వింది. "పొద్దున్నుంచీ నారు నాటి నడుము ఇరిగిపోయుండాది నాయనా. మళ్లీ మాకు యోగా ఏంది?" అంది. పక్కనున్న కుర్రాడు ఇంకో మాట అన్నాడు. "అన్నా, బాబాసాహెబ్ మనల్ని పోరాడమన్నాడు గానీ కళ్లు మూసుకోమన్నాడా?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కొట్టిపారేయడానికి లేదు.

ముందు అసలు అనుమానం మాట్లాడుకుందాం. 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినం జరుగుతోంది. బళ్లలో పిల్లల చేత సూర్య నమస్కారాలు చేయిస్తుంటారు. 22 ప్రతిజ్ఞలు చేసిన ఇంటి బిడ్డ సూర్యుడికి మొక్కాలా అని తల్లిదండ్రులకు సందేహం రావడం సహజం. ఏ దేవుడికీ మొక్కనని చెప్పే హక్కు ఆ బిడ్డకు ఉంది. కానీ మొక్కు వేరు, ఒంటిని సాగదీసుకోవడం వేరు, ఊపిరిని గమనించుకోవడం వేరు. నీళ్లకు కులం లేదని 1927లో మహద్ చెరువు దగ్గర చాటిన వాళ్ల వారసులం. ఊపిరికి మతం అంటగడతామా?

తథాగతుడు దీన్ని స్వయంగా పరీక్షించి చూశాడు. తిండి మానేశాడు. ఊపిరి బిగబట్టాడు. ఒళ్లు ఎముకల గూడయింది. జ్ఞానం మాత్రం రాలేదు. అప్పుడు చిన్ననాడు నేరేడు చెట్టు నీడలో ప్రశాంతంగా కూర్చున్న సంగతి గుర్తొచ్చింది. ఒంటిని హింసించే దారి వదిలేశాడు. తరవాత, పాదాలు నెత్తురోడేలా నడిచి సాధన చేసిన సోణుడికి వీణ పోలిక చెప్పాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు. కాబట్టి మన సాధనలో కాళ్లు మెలిపెట్టడం లేదు, తలకిందులుగా నిలబడడం లేదు, ఊపిరి బిగబట్టడం అసలే లేదు.

ఇక పెద్దమ్మ ప్రశ్న. ఆమె ఒళ్లు రోజంతా వంగుతూనే ఉంది, నిజమే. కానీ ఎవరి కోసం వంగింది? మేస్త్రి కేక కోసం, కూలి డబ్బుల కోసం. చేతులు మడిలో ఉంటే మనసు అప్పు దగ్గర, బిడ్డ ఫీజు దగ్గర ఉంది. తరతరాలుగా మన ఒళ్లు ఇంకొకరి పనిముట్టు. అది ఎట్లా ఉందని మనం కూడా అడగలేదు. ఎవరి ఆజ్ఞా లేని ఆ పది నిమిషాలు మాత్రం దాన్ని మనదిగా చూసుకుంటాం. అయితే ఒక మాట దాచగూడదు. ధ్యానం కూలి పెంచదు. విరిగిన నడుము అతికించదు. కూలికి సంఘం కావాలి, నడుముకి వైద్యుడు కావాలి. కళ్లు మూసుకుంటే అన్నీ తీరతాయని చెప్పేవాడిని నమ్మొద్దు.

కుర్రాడి ప్రశ్నకు బాబాసాహెబ్ పుస్తకంలోనే జవాబుంది. ఆయన పోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఉట్టి సమాధికీ సమ్మా సమాధికీ తేడా చూపించాడు. ఉట్టి ఏకాగ్రత ఉన్నంతసేపే ఉంటుంది. లేవగానే పాత మనసు తిరిగొస్తుంది. సమ్మా సమాధి మనసుని కుశలం వైపు, అంటే మంచి వైపు, అలవాటు చేస్తుంది. దొంగకీ ఏకాగ్రత ఉంటుంది గదా!

మన నెల్లూరు జిల్లానే చూడండి. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివారు. అందులో తమ ఇంటి దుఃఖమే కనపడింది. లేచి సారాని ఊళ్లోకి రానీయలేదు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం వచ్చింది. వాళ్లేమీ ధ్యానం చేయలేదు. కానీ దుఃఖాన్ని సూటిగా చూడడం మొదటి మెట్టు అని చూపించారు. చూడడం పోరాటానికి అడ్డు కాలేదు, దారి అయింది.

నా సంగతి కూడా చెప్పాలి. మీటింగులో సమానత్వం మీద గంట మాట్లాడి, ఇంటికొచ్చి అన్నం ఆలస్యమైందని భార్య మీద అరిచిన రోజులు నాకున్నాయి. కులం మీద కోపం న్యాయమే. ఆ కోపం ఇంట్లో బలహీనుల మీద పడితే మాత్రం నేనూ ఒక చిన్న పెత్తందారునే. కోపం పుట్టేటప్పుడు ఊపిరి పొట్టిగా, వేడిగా అవుతుంది. దాన్ని గమనించడం నేర్చుకున్నాక నోరు తెరిచే ముందు ఒక క్షణం దొరుకుతోంది. అన్ని రోజులూ కాదు, కొన్ని రోజులు.

మొదలుపెట్టే వాళ్లకి పద్ధతి సులువు. చాప మీదో, కుర్చీలోనో, గోడకి ఆనుకునో కూర్చోండి. మోకాళ్లు నొప్పయితే కాళ్లు చాపండి. ఊపిరిని మార్చొద్దు. పొడుగ్గా వస్తే పొడుగని, పొట్టిగా వస్తే పొట్టని తెలుసుకోండి, అంతే. మనసు పారిపోతే తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోండి. కూర్చోలేకపోతే నడుస్తూ, నిలబడి, పడుకుని కూడా చేయొచ్చు. సతిపట్ఠానంలో ఈ నాలుగూ ఉన్నాయి.

ఇక పరీక్ష ఒకటే. లేచాక ఏం చేశామన్నదే. హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాడిని చూసి "అంతా మన మనసులోనే ఉంది" అని ఊరుకుంటే అది ధ్యానం కాదు, నిద్ర. ఆ మనిషి మీద ద్వేషం లేకుండా, ఆ గ్లాసుని మాత్రం ఒప్పుకోకుండా నిలబడగలిగితే అది సమ్మా సతి.

ఆ రోజు పెద్దమ్మ గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. పది నిమిషాలయ్యాక అంది: "నా మోకాలు ఇంత నొప్పిగా ఉండాదని ఇప్పుడే తెలిసింది నాయనా." "తెలిసింది గదమ్మా, రేపు ఆస్పత్రికి పోదాం" అన్నాను. ఈసారి కుర్రాడు కూడా నవ్వాడు.

జై భీమ్! సబ్బే సత్తా సుఖీ హోంతు!