ఏ గొంతుతో పిలిచావు?

మా వైపు ఇటుకల పండగ చైత్రంలో వస్తుంది. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పట్టుకుని వచ్చే పోయే బళ్లను ఆపి డబ్బులడుగుతారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు పోస్తారు. ఇప్పుడు వేట పేరుకే. విల్లు భుజాన వేసుకుని కొండెక్కి, చెట్టు నీడన కూర్చుని, సాయంత్రానికి దిగి వస్తారు. పేడనీళ్లు మాత్రం నిజంగానే పడతాయి.

పోయిన పండక్కి మా చెల్లెలింటికి వెళ్లాను. డిగ్రీ చదువుతున్న మేనల్లుడు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఒక అమెరికా ఆయన చెట్టుకు కట్టిన మంచె మీద కూర్చుని నల్లటి గొట్టం ఊదుతున్నాడు.

"ఇది మగజింక గుర్రుమన్నట్టు వినబడతాది మావా. ఇంకోటుంది, డబ్బా. తిరగేస్తే ఆడజింక అరుస్తాది. పిల్ల అరుపుదీ ఉంది. ఏది కొంటే మంచిదంటావు?"

"ఎందుకురా? ఇక్కడ ఊదితే జైలుకెళ్తావు."

"వేటకి కాదు మావా. తాత ఆకుతో ఊదేవోడంట కదా. అది నాకు రాదు. ఇదైతే వస్తాది."

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, మన పిల్లలకు అది తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేసి రప్పించడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులను గుర్తించింది గాని, వేట హక్కును మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టింది. కాబట్టి గొట్టమైనా ఆకైనా అడవిలో జింక కోసం ఊదడం కుదరదు. దాని మీద నాకు వాదన లేదు.

కాని వాడి ప్రశ్న నాలో ఉండిపోయింది. ఏది కొంటే మంచిది అని వాడు సరుకు గురించి అడిగాడు. అదే ప్రశ్న మా ఇంట్లో నలభై ఏళ్ల కిందట ఇంకోలా వచ్చింది.

మా తాత కుక్కగొర్రెను పిలిచేవాడు. కుక్కగొర్రె చిన్న జింక. పులినో చిరుతనో పసిగడితే కుక్క మొరిగినట్టు అరుస్తుంది కనుక ఆ పేరు. తాత ఆ మొరుగుడు జోలికి పోయేవాడు కాదు, అది హెచ్చరిక. ఒక లేత ఆకును రెండు బొటనవేళ్ల మధ్య బిగించి, అంచు మీద సన్నగా ఊపిరి వదిలేవాడు. కీచుమని మొదలై, మధ్యలో తెగి, మళ్లీ లేచే గొంతు వచ్చేది. పిల్లను ఏదో పట్టుకున్నప్పుడు పిల్ల పెట్టే కేక అది. మూడుసార్లు ఊది ఆగేవాడు. గాలి ఎటు వీస్తుందో చూసుకునేవాడు. తల్లి దగ్గర్లో ఉంటే వచ్చేది. మామూలుగా అడుగు తీసి అడుగు వేయడానికి పదిసార్లు చెవులు తిప్పే జంతువు, ఆ కేక వింటే పొదలు విరుచుకుని వచ్చేది.

ఎందుకలా వస్తుందో అడవిలో తిరిగినవాళ్లకు తెలుసు. తల్లి పిల్లను దట్టమైన పొదలో దాచి మేతకు వెళ్తుంది. పిల్ల కదలదు, మెదలదు. వాసన కూడా పెద్దగా రాదు. అలాంటి పిల్ల గొంతెత్తిందంటే ఏదో దాన్ని పట్టేసిందన్నమాట. అంటే తల్లి పరిగెత్తి వచ్చేది పిల్ల దగ్గరికే కాదు, ఆ పట్టినదాని దగ్గరికి కూడా.

ఒకరోజు తాత తెచ్చిన గొర్రెను కోస్తూ అవ్వ చెయ్యి ఆపింది. పొదుగులోంచి పాలు కారి ఆమె వేళ్ల మీద పడ్డాయి.

"ఏ గొంతుతో పిలిసినావు దీన్ని?" అంది.

తాత మాట్లాడలేదు. అవ్వ కూర వండింది. అందరం తిన్నాం. నేనూ తిన్నాను, రుచిగానే ఉంది. ఆ మాట దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. రాత్రి పడుకున్నాక అవ్వ మళ్లీ అంది: "ఇప్పుడు అసలు పిల్ల అరుస్తాది. ఎవులొస్తారు?"

తర్వాత తాత ఆకు ఊదడం నేను చూడలేదు. వేట మానలేదు. విల్లు, ఉచ్చు, కుక్కలు అన్నీ ఉండేవి. 1972 చట్టం అప్పటికే ఉంది గాని మా కొండకు ఇంకా ఎక్కలేదు. ఎక్కాకనే అవి కూడా మానాడు.

చిన్నప్పుడు నాకిది అర్థం కాలేదు. ఉచ్చు పెడితే పరవాలేదు, ఆకు ఊదితే తప్పా? చచ్చిన జింకకు తేడా ఏముంది? మేనల్లుడూ ఇదే అడిగాడు. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. వేటంతా మోసమే. గాలికి ఎదురు నిలబడటం మోసం, ఆకుల చాటున దాక్కోవడం మోసం. తెలుగులో దీమం అనే పాత మాట ఉంది. పెంచిన జింకనో పిట్టనో కట్టేసి, దాన్ని చూపించి దాని జాతివాటిని రప్పిస్తే ఆ పెంచినదాన్ని దీమం అంటారు. అంటే పిలిచి కొట్టడం అమెరికావాళ్లు కనిపెట్టిందేమీ కాదు.

పెద్ద కావ్యాలు కూడా దీన్ని ఆలోచించాయి. చెట్టు చాటు నుంచి ఎందుకు కొట్టావని వాలి అడిగితే రాముడు ఇచ్చిన జవాబుల్లో ఒకటి వేట గురించే. మనుషులు మృగాలను వలలతో, ఉచ్చులతో, చాటుగానో ఎదురుగానో పడతారు, బెదిరి పరిగెత్తేవాటినీ కొడతారు, నమ్మి నిలబడ్డవాటినీ కొడతారు, అందులో దోషం లేదన్నాడు. భారతం ఆదిపర్వంలో పాండురాజు కూడా దాదాపు అదే వాదించాడు. జింక రూపంలో ఉన్న కిందమ ముని మీద బాణం వేశాక, రాజులకు మృగాల్ని ఎలాగైనా చంపడం ధర్మమే కదా అన్నాడు. దానికి కిందముడు, నన్ను చంపావని తప్పు పట్టడం లేదు, జంటగా ఉన్న వేళ కొట్టావు, కాసేపు ఆగాల్సింది అన్నాడు. చంపడాన్ని ఒప్పుకుని, చంపిన సమయాన్ని ఒప్పుకోలేదు. మా అవ్వ ఆదిపర్వం వినలేదు. ఆమె కూడా ఎందుకు చంపావని అడగలేదు.

(జంటలో ఒక పక్షిని కొట్టిన నిషాదుడికి కూడా శాపమే తగిలింది. వాడికి ఆకలేసిందా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. మన పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు నేను అక్కడ కొంచెం ఆగుతాను.)

ఆ రామాయణంలోనే ఇంకో వేట ఉంది. మారీచుడు చస్తూ రాముడి గొంతుతో సీతనూ లక్ష్మణుణ్ణీ పిలిచాడు. ఉచ్చును, చాటును సమర్థించిన ఆ కావ్యం ఈ కేకను ఎక్కడా సమర్థించలేదు. నాకు తేడా అక్కడ దొరికింది.

ఉచ్చు జింకతో ఏమీ చెప్పదు. దాని దారిన అది పోతుంటే పడుతుంది. చాటున నిలబడ్డవాడు నిజం దాస్తాడు, అంతే. మగజింకలా గుర్రుమంటే, ఇక్కడ నీ పోటీదారు ఉన్నాడని చెప్పినట్టు. అది అబద్ధమే గాని, దానికి వచ్చేవాడు తన పంతం కోసం వస్తాడు, తన్నులాటకు సిద్ధపడి వస్తాడు. ఆడజింక గొంతుకు వచ్చేవాడు తన కోరిక కోసం వస్తాడు. పిల్ల గొంతుకు వచ్చే తల్లి ఒక్కతే తన కోసం రాదు. అపాయం ఉందని తెలిసి, ఇంకొకరి కోసం వస్తుంది. అక్కడ మనం ఆమె తిండియావను వాడుకోవడం లేదు, తెలివితక్కువతనాన్నీ వాడుకోవడం లేదు. ఆమెలో ఉన్న మంచినే పట్టుకుని లాగుతున్నాం.

కొందరు కాలం చూసుకుంటే సరిపోతుంది అంటారు, పిల్లలు పెట్టే నెలల్లో ఊదకపోతే చాలని. కుక్కగొర్రె దగ్గర ఆ లెక్క పనికిరాదు. అది ఏడాది పొడవునా ఈనుతుంది. ఏ నెలలో ఊదినా ఎక్కడో ఒక పిల్ల పొదలో కదలకుండా పడుకుని ఉంటుంది.

ఆకలి మాటేమిటి? మూడు రోజులు పొయ్యి వెలగని ఇంట్లో కూర్చుని నేను ఇది రాయలేను. అందుకే తాత పాపం చేశాడని అనను. అవ్వా అనలేదు, వండి పెట్టింది. కాని ఆకలి మాఫీ చేసేది చంపడాన్ని. ఎలా పిలిచావన్న ప్రశ్న తర్వాత కూడా మిగిలే ఉంటుంది. తాతకు వేరే దారులు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క దారి వదిలేశాడు. వేరే దారే లేనివాడి సంగతి వేరు.

పిలుపు వేటగాళ్లు తమలో తాము చెప్పుకునే జాగ్రత్త ఒకటుంది: ఎక్కువసార్లు ఊదకు, జింకలు జంకుతాయి. ఒకసారి మోసపోయి తప్పించుకున్నది మళ్లీ అంత తేలిగ్గా రాదు. వేటగాడికి అది వట్టి కిటుకు. తల్లివైపు నుంచి చూడండి. దొంగ కేక విని బతికి బయటపడ్డ తల్లి తర్వాతిసారి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాతి కేక నిజమైనదైతే? దొంగ పిలుపు బతికేది నిజమైన పిలుపుకు ఎవరో ఒకరు వస్తారన్న భరోసా మీదే. ఊదినప్పుడల్లా ఆ భరోసాను కొంచెం కొరుక్కు తింటుంది. 'నాన్నా పులి' పాఠం చెప్పేటప్పుడు మనం అబద్ధమాడిన పిల్లవాణ్ణే చూపిస్తాం. వాడి వల్ల ఆ ఊళ్లో తర్వాత ఇంకెవరి కేకకు ఎవరు రాకుండా పోయారో ఆ కథలో లేదు.

అమెరికాలోనూ గీతలు లేకపోలేదు. చాలా రాష్ట్రాల్లో జింక వేటకు ఎలక్ట్రానిక్ పిలుపులు వాడకూడదు, నోటితోనో చేత్తోనో చేసేవే వాడాలి. జంతువుకూ ఒక అవకాశం ఉండాలన్నది వాళ్ల ఆలోచన. అది మంచిదే గాని, అవ్వ గీసిన గీత అది కాదు. మెషినా నోరా అని ఆమె చూడలేదు. ఎవరి గొంతు అని అడిగింది.

2014లో సూసన్ లింగిల్, టోబియాస్ రీడే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. కెనడా మైదానాల్లో జింక తల్లులకు స్పీకర్లలో పసికూనల ఏడుపులు వినిపించారు. జింకపిల్లలవే కాదు. పిల్లి, సీలు, గబ్బిలం, చివరికి మనిషి పసిబిడ్డ ఏడుపు కూడా. ఆ ఏడుపు స్థాయి జింకపిల్ల గొంతు స్థాయికి దగ్గరగా ఉన్నప్పుడు, తల్లులు స్పీకర్ దగ్గరికి వచ్చాయి. మన బిడ్డ ఏడిస్తే వాళ్ల తల్లి అడుగు ముందుకేసింది. ఇది చదివాక నేను ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మేనల్లుడికి ఇదంతా చెబితే, "జింక గురించి ఇంత ఆలోచన ఎందుకు మావా?" అన్నాడు. నిజానికి నేను జింక గురించి మాత్రమే ఆలోచించడం లేదు. మన గూడేలకు వచ్చి మన గొంతుతో పిలిచినవాళ్లను గుర్తు చేసుకోండి. పరాయి భాషలో బెదిరిస్తే మనవాళ్లు తలుపు వేసుకుంటారు. మన భాష నేర్చుకుని, మావా, బావా అని వరస కలిపి, మీ చెల్లెలి పెళ్లికి నేనున్నానని అన్నవాడికే కాగితం మీద వేలిముద్ర వేశారు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడిని అలాగే పిలిచారు. "మీ అమ్మ ఆస్పత్రి ఖర్చు నేను చూసుకుంటా, ఈ మూట కొండ దింపిపెట్టు చాలు" అన్నారు. మూటలో గంజాయి ఉంది. పిలిచినవాడు దొరకలేదు, మోసినవాడు దొరికాడు. డబ్బు ఆశకు పోయాడని అందరూ అన్నారు. వాడు అమ్మ కోసం పోయాడు. పొదలు విరుచుకుని పోయాడు.

వాడికి నేను ఏం చెప్పి ఉండాల్సింది? ఎవరు పిలిచినా వెళ్లకు అనా? అలా నేర్పితే రేపు నిజంగా అమ్మ పిలిచినా ఆగి ఆలోచిస్తాడు. నాకు ఇప్పటికీ దీనికి సరైన జవాబు లేదు. బడిలో పిల్లలకు రెండు మాటలు మాత్రం చెబుతాను. పిలుపు వచ్చినప్పుడు గాలి ఎటు వీస్తుందో చూసుకోండి, పిలిచినవాడు ఎక్కడ దాక్కున్నాడో చూడండి. మీరు ఎవరినైనా పిలవాల్సి వస్తే మీ గొంతుతోనే పిలవండి.

గొట్టం కొనలేదు. దానికి బదులు తాత ఆకు పట్టుకునే తీరు మేనల్లుడికి చూపించాను, నాకు గుర్తున్నంత వరకు. అడవిలో కాదు, ఇంటి అరుగు మీద. ఆ విద్య మన దగ్గర పోకూడదు. ఒక చిన్న ఆకులో ఒక జంతువు గొంతు పట్టేంత వినికిడి మన పెద్దలకు ఉండేదని వాడికి తెలియాలి. ముందు వట్టి గాలే వచ్చింది. తర్వాత ఉమ్ము పడి ఆకు చిరిగింది. నాలుగో ఆకుకు సన్నగా కీచుమని లేచి, మధ్యలో తెగి, మళ్లీ లేచింది.

వంటింట్లోంచి చెల్లెలు పిండి చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చింది. అరుగంతా చూసింది, వీధి చూసింది.

"ఎవుల పిల్లరా ఏడుస్తంది?"

మేనల్లుడు ఆకు వెనక్కి పెట్టుకున్నాడు.