రెండు గువ్వలు

ధ్యాన భాగం: లేవీయకాండము 5:7–13

అర్పణ దగ్గర మోషే ధర్మశాస్త్రం మనిషి తాహతు చూస్తుంది. పాపపరిహారానికి గొఱ్ఱెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ దొరకనివాడు తూమెడు గోధుమపిండిలో పదోవంతు, అంటే సుమారు రెండు లీటర్ల పిండి తెస్తే చాలు. నూనె అక్కర్లేదు, సాంబ్రాణి అక్కర్లేదు. బాలింతల అర్పణకూ ఇలాంటి వెసులుబాటే ఉంది. మరియ యోసేపులు వాడుకున్నది దాన్నే (లూకా 2:24).

లేవీయకాండం మీద రబ్బీలు కూర్చిన పాత వ్యాఖ్యానంలో (మిద్రాషులో) ఒక కథ ఉంది. అగ్రిప్ప రాజుకు ఒకే రోజు వెయ్యి దహనబలులు అర్పించాలని బుద్ధి పుట్టింది. ఆ రోజు ఇంకెవరి బలీ ముట్టుకోవద్దని ప్రధాన యాజకుడికి కబురంపాడు. అంతలో ఒక పేదవాడు రెండు గువ్వలు పట్టుకొని వచ్చాడు. రాజాజ్ఞ ఉంది, కుదరదన్నాడు యాజకుడు. తాను రోజూ నాలుగు పడతాననీ, రెండు ఇక్కడిచ్చి రెండింటితో బతుకుతాననీ, ఇవి తీసుకోకపోతే తన బతుకుతెరువు తెంచినట్టేననీ మొరపెట్టుకున్నాడు ఆ మనిషి. యాజకుడు రాజు మాట పక్కనపెట్టి ఆ గువ్వల్ని అర్పించేశాడు. తన బలికన్నా ముందు ఒక పేదవాడి బలి చేరిందని రాజుకు కలలో తెలిసింది. యాజకుణ్ణి నిలదీశాడు. సంగతి విన్నాక, మంచిపనే చేశావన్నాడు.

ఈ కథ మన కానుకల ప్రసంగీకుల చేతిలో పడితే ఏమవుతుందో ఊహించగలను: రెండిస్తే నాలుగొస్తాయంటారు! ఆ మనిషి ఆరు కావాలని అడగలేదు. పట్టినవాటిలో సగం ఈ రోజు ఇచ్చాడు, రేపూ ఇస్తాడు, అంతే. రాజుగారికి మాత్రం వెయ్యి పశువులు పోయినా భోజనంలో ఒక్క ముద్ద తగ్గదు. పైగా ఆయన భక్తికి వెల చెల్లించాల్సింది ఆ రోజు వాకిట్లోంచి వెనక్కి తిరగాల్సిన మిగతా జనం.

క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని తగలబెట్టాక బలులు ఆగిపోయాయి. భక్తికి చెల్లించే వెల మాత్రం ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తూర్పు ఐరోపా నుంచి న్యూయార్క్ చేరిన యూదుల్లో చాలామంది బట్టలు కుట్టే కార్ఖానాల్లో చేరారు. అక్కడ శనివారం పనిదినం. విశ్రాంతిదినమని ఆ రోజు మానేసినవాళ్ళకు సోమవారం పని ఉండేది కాదు. మళ్ళీ కొత్తచోటు వెతుక్కోవాలి, ఇంతలో మళ్ళీ శుక్రవారం వచ్చేది. ఎందరో లొంగిపోయి శనివారం కూడా మిషను తొక్కారు. వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు. నిలబడ్డవాళ్ళను తలచుకుంటే మాత్రం వాళ్ళ వంటిల్లు కళ్ళముందుకొస్తుంది. పని పోయింది తండ్రికి. అప్పుపెట్టి రొట్టె తేవాల్సింది తల్లి. అర్ధాకలితో పడుకోవాల్సింది పిల్లలు, వాళ్ళను ఎవరడుగుతారు? గువ్వలు పట్టేవాడి ఇంట్లో తినేవాళ్ళు ఎందరో మిద్రాషు కూడా చెప్పదు.

ప్రార్థన: ప్రభువా, నీకిచ్చేది ఎవరి కంచంలోంచి తీస్తున్నానో నాకు చూపించు. ఇంట్లోవాళ్ళను ఆ మాట అడిగే ధైర్యం ఇవ్వు. ఆమేన్.