సవతి తండ్రి అనే మాట, మన అనుమానం

గత వేసవిలో శిక్షణ తరగతులకు వెళ్లినప్పుడు మేం ఆరుగురం ఒక రాత్రి ఒకే గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక పాత ఇంగ్లిష్ సినిమా చూశాం. అందరం ఏజెన్సీ బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లమే. సినిమా పేరు 'ది స్టెప్‌ఫాదర్'. అంటే సవతి తండ్రి. 1987లో అమెరికాలో వచ్చింది. 2009లో దాన్నే మళ్లీ తీశారు. సినిమా గంటన్నరలో అయిపోయింది. దాని మీద మా వాదన మాత్రం తెల్లవారుజాము దాకా సాగింది. ఆ వాదనలో తేలిన సంగతిని మన యువతకూ, తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు కథ. ఒకతను అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటాడు, వేషం మార్చుకుంటాడు, పెట్టె పట్టుకుని మెట్లు దిగుతాడు. కింద గదిలో అతని కుటుంబం రక్తంలో పడి ఉంటుంది. చంపింది అతనే. దారిలో పడి ఉన్న పిల్లల ఆటబొమ్మను తీసి దాని చోట పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోతాడు. ఏడాది తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకో పేరుతో, భర్త చనిపోయిన ఒకామెను పెళ్లి చేసుకుని ఉంటాడు. ఆమెకు పదహారేళ్ల కూతురు. అతను నవ్వుతూ మాట్లాడతాడు, ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. కుటుంబం అంటే ఎలా ఉండాలో పదిమందికి చెబుతుంటాడు. కూతురికి మాత్రం అతన్ని చూస్తే భయం. ఎవరికి చెప్పినా, నీ తండ్రి పోయిన బాధలో ఇతన్ని ఒప్పుకోలేకపోతున్నావు అంటారు.

సినిమా అయ్యాక మాలో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. హంతకుడి వేషం వేసిన టెర్రీ ఓక్విన్ నటన గురించి మాత్రం తేడా లేదు. అతను అరిచినప్పటి కంటే నవ్వినప్పుడే ఎక్కువ భయం వేసిందని అందరం అన్నాం. ఆ తర్వాత చీలిపోయాం. ఒకరు తల్లిని తిట్టారు. కన్నకూతురు మొత్తుకుంటుంటే వినపడలేదా అన్నారు. ఇంకొకరు, పిల్లలున్న ఆడమనిషి రెండో పెళ్లి చేసుకుంటే ఇంతే అన్నారు. ఆ మాటకు మాలో ఒక మిత్రుడు నొచ్చుకున్నాడు. అతన్ని పెంచింది సవతి తండ్రే. "నాకు పలక కొనిచ్చింది ఆయన. టీచర్ ట్రైనింగ్ ఫీజుకు దూడను అమ్మింది ఆయన. ఈ సినిమా ఆయన చూస్తే ఏమనుకుంటాడు?" అని అడిగాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ ప్రశ్న మామూలుది కాదు. ఒక మనిషిని అతను చేసిన పనిని బట్టి అనుమానించాలా, అతనికున్న వరసను బట్టి అనుమానించాలా? వరసను బట్టి అనుమానించడం తప్పయితే, భయపడుతున్న బిడ్డను కాపాడేది ఎలా?

ఈ సినిమా ఊహకు మూలం ఒక నిజమైన నేరం. జాన్ లిస్ట్ అనే అకౌంటెంట్ 1971 నవంబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో తన తల్లిని, భార్యను, ముగ్గురు పిల్లలను కాల్చి చంపాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచి, రోజూ పనికి వెళ్తున్నట్టు బయటికి వెళ్లేవాడు. నేరం సుమారు నెల రోజుల దాకా బయటపడలేదు. అతను పేరు మార్చుకుని, మళ్లీ పెళ్లి చేసుకుని బతికాడు. సినిమా వచ్చేనాటికి పరారీలోనే ఉన్నాడు. 1989లో ఒక టీవీ కార్యక్రమంలో అతని గురించి చూపించాక పట్టుబడ్డాడు. అప్పటికి దాదాపు 18 ఏళ్లు గడిచాయి.

ఇందులో ఒక విషయం గమనించాలి. జాన్ లిస్ట్ ఆ పిల్లలకు సవతి తండ్రి కాదు, కన్నతండ్రి. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పిన భక్తుడు కూడా. కన్నతండ్రి చేసిన నేరం తెర మీదికి వచ్చేసరికి సవతి తండ్రి నేరం అయింది. ఎందుకంటే చూసేవాళ్లు దాన్ని తేలికగా నమ్ముతారు. కన్నవాడు చంపాడంటే మనకు నిద్ర పట్టదు. బయటి నుంచి వచ్చినవాడు చంపాడంటే, మన ఇంట్లో అలాంటివాడు లేడు కదా అని హాయిగా పడుకుంటాం.

తెలుగు కథల్లో సవతి తల్లి గయ్యాళితనం గురించి చిన్నప్పటి నుంచీ విన్నాం. సవతి తండ్రి కథలు మాత్రం మేం పెద్దగా వినలేదు. అందుకు కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పై కులాల్లో భర్త పోయిన స్త్రీకి మళ్లీ పెళ్లి లేదు. 1856లో చట్టం వచ్చినా జరగలేదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు పెద్ద గొడవ అయింది. పెళ్లే లేనిచోట సవతి తండ్రి ఎక్కడి నుంచి వస్తాడు?

మా కోయ గూడేల్లో అలా కాదు. మగడు పోయిన ఆడమనిషి పెద్దల ఎదుట మారుమనువు చేసుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. దానికి ఏ సంస్కర్తా రావలసిన పని పడలేదు. కొన్ని ఇళ్లలో చనిపోయినవాడి తమ్ముడే వదినను చేసుకుంటాడు. పిల్లలు అతన్ని అప్పటికే చిన్నాన్న అని పిలుస్తుంటారు, పెళ్లయ్యాకా అలాగే పిలుస్తారు. ఆ ఇంట్లో సవతి అనే మాట వినపడదు. ఇప్పుడు బడి పుస్తకాలు, సీరియళ్లు, సినిమాలు చూసి మన పిల్లలు ఆ మాట నేర్చుకుంటున్నారు. మాటతోపాటు అనుమానమూ నేర్చుకుంటున్నారు. రెండో పెళ్లి చేసుకున్న తల్లిని తక్కువ చూపు చూడడమూ నేర్చుకుంటున్నారు. మనకు మొదటి నుంచీ ఉన్న ఒక మంచిని మనమే సిగ్గుపడే విషయంగా మార్చుకుంటున్నాం.

పుట్టుకనో వరసనో చూసి ముద్ర వేయడం ఎంత అన్యాయమో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్త తెగల చట్టం తెగలకు తెగలనే దొంగలని రాసిపెట్టింది. మన ఎరుకల సోదరులను అలాగే స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి కాపలా కాశారు. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం చాలాకాలం పోలేదు. అంతటి అవమానం చూసిన మనం ఇంకొకరి మీద ముద్ర వేయడానికి తొందరపడకూడదు.

అయితే దీనికి ఎదురు వాదన ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. మార్టిన్ డాలీ, మార్గో విల్సన్ అనే ఇద్దరు కెనడా మానసిక శాస్త్రవేత్తలు 1980లలో పిల్లల మీద జరిగిన హింస లెక్కలు పరిశీలించారు. సవతి తల్లి గాని తండ్రి గాని ఉన్న ఇళ్లలో పసిపిల్లలకు ప్రమాదం ఎక్కువని చెప్పారు. లెక్కలు తీసిన పద్ధతి మీద ఇతర పండితులు అభ్యంతరాలు చెప్పారు. వాదం ఇంకా నడుస్తోంది. అది నిజమేనని ఒప్పుకుందాం. అప్పుడేం చేయాలి?

వానాకాలంలో ఏజెన్సీలో ఒకరికి చలిజ్వరం వస్తే అది మలేరియా కావచ్చని ఆశా కార్యకర్త ముందే అనుకుంటుంది. అయినా వేలు గుచ్చి రక్తం చూడకుండా మలేరియా అని రాయదు. మలేరియా కాదని తేలితే, నీకు జ్వరమే లేదు పొమ్మనీ అనదు. సగటు లెక్క మనల్ని జాగ్రత్తగా చూడమంటుంది, అంతే. గుమ్మంలో నిలబడిన ఈ మనిషి ఎలాంటివాడో అది చెప్పదు. దానికి అతని నడవడి చూడాలి, బిడ్డ మాట వినాలి.

ఇది మాకు సినిమా చూస్తే తెలిసిన సంగతి కాదు. మేం చేసిన రెండు తప్పుల వల్ల తెలిసింది.

ఒక ఆశ్రమ పాఠశాలలో మా దగ్గర అయిదో తరగతి పిల్లాడు ఒకడుండేవాడు. సెలవుల తర్వాత చేతి మీద కాలిన మచ్చతో వచ్చాడు. వాడికి సవతి తండ్రి ఉన్నాడని మాకు తెలుసు. ఇంకేమీ అడగలేదు. ఆయన సంత రోజు పిల్లాడికి అరటిపళ్లు తీసుకుని వస్తే, వరండాలో అందరి ముందూ నిలబెట్టి నిలదీశాం. ఆయన తలవంచుకుని విన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. పళ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. పిల్లాడు ఏడుస్తూ చెప్పాడు, ఇప్పపువ్వు ఉడికించే కుండ తనే తగిలించుకున్నానని, ఆకు పసరు పూసి కట్టు కట్టింది ఆయనేనని. తర్వాత మేం కబురు పెట్టినా ఆయన బడికి రాలేదు.

ఇంకో ఏడు దసరా సెలవులకు పిల్లలను పంపుతున్నాం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె "నేను ఇంటికెళ్లను సార్, ఇక్కడే ఉంటా" అంది. ఆమెను తీసుకుపోవడానికి వచ్చింది కన్నతండ్రి. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, మర్యాదగా నమస్కారం పెట్టాడు. పిల్లకు బడి మీద ప్రేమ ఎక్కువైందని నవ్వుకున్నాం. రిజిస్టరులో ఆయన వేలిముద్ర వేయించుకుని పంపేశాం. సెలవులయ్యాక ఆ అమ్మాయి రాలేదు. చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉందని తర్వాత తెలిసింది. తాగి కొట్టడం ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉందట. అదే మాట సవతి తండ్రి ఉన్న పిల్ల చెప్పి ఉంటే మేం ఆగి అడిగేవాళ్లం. కన్నతండ్రి కాబట్టి అడగలేదు. మొదటిచోట పేరు చూసి ఒక మంచి మనిషిని అవమానించాం. రెండోచోట పేరు చూసే ఒక బిడ్డను దెబ్బలకు అప్పగించాం. ఆ అమ్మాయి బడికి తిరిగి వచ్చినప్పుడు మా ముఖం చూడలేదు. అది మాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

సినిమాను మళ్లీ తలచుకుంటే, అందులో భయపెట్టేది వరస కాదని అర్థమవుతుంది. అతనికి కావలసింది మనుషులు కాదు, తన మనసులో ఉన్న ఒక బొమ్మ లాంటి కుటుంబం. ఎదురు మాట్లాడని భార్య, చెప్పినట్టు వినే పిల్లలు. నిజమైన మనుషులు ఆ బొమ్మకు సరిపోనప్పుడు వాళ్లను తుడిచేసి మరోచోట మొదలుపెడతాడు. జాన్ లిస్ట్ కథలోనూ ఇలాంటి పట్టింపే కనిపిస్తుంది. తన ఇల్లు లోకం దృష్టిలో ఎలా ఉండాలో దానికే అతను విలువ ఇచ్చాడు. ఈ పట్టింపు కన్నతండ్రికి ఉండొచ్చు, అన్నకు ఉండొచ్చు, ఉపాధ్యాయుడికీ ఉండొచ్చు.

సినిమాలో ఇంకో ఘట్టం ఉంది. పాత హత్యల వార్త చదివిన ఆ అమ్మాయి, హంతకుడి ఫొటో పంపమని పత్రికకు ఉత్తరం రాస్తుంది. జవాబు ఆమెకు అందే లోపు అతనే కవరు విప్పి, తన ఫొటో తీసేసి వేరేవాడి ఫొటో పెడతాడు. అది చూసి ఆ అమ్మాయి తన అనుమానమే తప్పనుకుంటుంది. బిడ్డల దగ్గర రుజువులు ఉండవు. ఉన్నా పెద్దలు మార్చేయగలరు. వాళ్ల దగ్గర ఉండేది భయం ఒక్కటే. రుజువు చూపించు అప్పుడు నమ్ముతాం అని పిల్లలతో అనడం అందుకే అన్యాయం. రుజువు వెతకాల్సింది మనం.

ఆ తల్లిని మాలో ఒకరు తిట్టారని రాశాం. ఆమె మూర్ఖురాలు కాదు. భర్త పోయి, ఇంటి బరువు ఒంటరిగా మోసి అలసిన మనిషి. ఇల్లు మళ్లీ నిలబడిందని నమ్మాలనుకుంది. మన గూడేల్లోనూ అలాంటి తల్లులున్నారు. వాళ్లను నిందిస్తే నోరు మూసుకుంటారు. వాళ్ల పక్కన నిలబడితే చెబుతారు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం నేరం చేసిన బంధువు గురించి చెప్పేటప్పుడు రక్తసంబంధాన్ని, దత్తతను, పెళ్లితో వచ్చిన బంధుత్వాన్ని ఒకే వరసలో పెట్టింది. అలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు తెలియజేయాలని అదే చట్టం చెబుతోంది. నేరం తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. కొట్టడం, హింసించడం వంటివి 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందికి వస్తాయి. 1098 నంబరుకు ఎవరైనా, పిల్లలైనా ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ప్రతి తరగతి గోడ మీదా రాయాలి. సంత రోజు తల్లులకూ చెప్పాలి.

యువతీ యువకులారా, మీలో కొందరికి సవతి తండ్రి ఉండవచ్చు. కొందరు రేపు ఒక బిడ్డకు సవతి తండ్రి కావచ్చు. ఆ వరసకు సిగ్గుపడకండి. బిడ్డ వెంటనే నాన్నా అని పిలవకపోతే కోపం తెచ్చుకోకండి. ఆ పిలుపు అడిగితే రాదు. మా మిత్రుడికి పలక కొనిచ్చిన ఆయన్ను అతను నాన్నా అని పిలవడానికి నాలుగేళ్లు పట్టిందట. ఆ నాలుగేళ్లూ ఆయన ఏమీ అనలేదు.

ఇప్పుడు మా బడిలో సెలవులకు పంపే ముందు ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఇంటికెళ్లడం ఇష్టమేనా అని. వచ్చింది కన్నతండ్రి అయినా, సవతి తండ్రి అయినా, మేనమామ అయినా అదే ప్రశ్న. చాలామంది నవ్వి పరిగెత్తుతారు. ఎవరైనా తల వంచుకుంటే ఆ రోజు రిజిస్టరు మూసి, ముందు ఆ బిడ్డ చెప్పేది వింటున్నాం.