తోలు, వార్నిష్, మైల

వయొలిన్ పెట్టెలో వాయిద్యానికి ఆనుకుని ఒక తోలు ముక్క నెలల తరబడి ఉంటే, ఉక్కపోత రోజుల్లో వార్నిష్ మీద మచ్చ తేలవచ్చు. కారణం తోలు తయారీలో ఉంది. పచ్చి తోలుకు సున్నం, సోడియం సల్ఫైడ్ పట్టించి వెంట్రుకలు ఊడదీశాక, ఉప్పు, గంధకామ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆపైన క్రోమియం లవణం ఎక్కిస్తారు. ఆ తర్వాత రంగులు, మెత్తదనానికి నూనెలు. సరిగా కడగకపోతే ఆమ్లం లోపలే మిగులుతుంది. నూనె, రంగు వేడికి పైకి ఊరతాయి. లక్కతో చేసిన వార్నిష్ పలుచని పొర, వేడికి మెత్తబడి ఆ ఊటను పట్టుకుంటుంది. లందలో (తోళ్లు నానబెట్టే తొట్టిలో) తంగేడు బెరడుతో ఊనిన తోలు కూడా నిరపాయం కాదు: దాని వగరు పదార్థానికి తడి, ఇనుము తోడైతే చెక్క మీద నల్లమరక పడుతుంది.

తాకితే చెరుపు జరగడమంటే ఇది. దానికి మోసుకెళ్లే పదార్థం ఉండాలి, వేడో తేమో కావాలి, కొంత కాలం పట్టాలి. మధ్యలో తగిన అడ్డు ఉంటే ఆగుతుంది. అన్నిటికీ మించి, దాన్ని పరీక్షించవచ్చు. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ రూపొందించిన పరీక్షలో అనుమానమున్న వస్తువును వెండి, సీసం, రాగి రేకులతో కలిపి తేమగా ఉన్న గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకు మసకబారితే ఆ వస్తువును ప్రదర్శన అరలోకి రానివ్వరు. తోలును ఎవరు ఊనారని ఆ రేకు అడగదు. మన సమాజం తోలు పనివాళ్ల మీద మోపిన మైల కూడా తాకిడి వల్ల చెరుపు జరుగుతుందనే మాటే. కాబట్టి దానికీ ఇవే ప్రశ్నలు వేయాలి: ఏది అంటుతుంది, దేని ద్వారా, ఎంతసేపట్లో?

ఆ మైల ఒకప్పటి శుభ్రత నియమమేనని, పచ్చి తోళ్ల నుంచి ఆంథ్రాక్స్ లాంటి జబ్బులు నిజంగానే సోకుతాయని కొందరంటారు. సోకుతాయి, నిజమే. కానీ ఆ భయమే కారణమైతే స్నానంతో మైల తీరాలి, జన్మలో తోలు ముట్టని మనవడికి అది సంక్రమించకూడదు, తోలు మాత్రం గడప దాటకూడదు. జరిగింది పూర్తిగా తలకిందులు. పనస మొద్దుకు ఆవు, మేక చర్మాలు మూసి, గేదె తోలు బార్లు బిగించిన మృదంగం కచేరీకీ గుడి మండపానికీ వచ్చింది. చేసినవాళ్లను దూరం పెట్టారు. మృదంగ తయారీదారుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో రాసిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ చూపించేది ఈ ఎడాన్నే. ఉపనయనంలో వటువుకు కృష్ణాజినం ఇస్తారు, అదీ చర్మమే. చర్మంలో లేని మైలను మనిషి మీద రాశారన్నమాట.

శుద్ధి విశ్వాసానికి సంబంధించినది, గాజు పాత్రలో దొరకదు అన్నది ఇంతకంటే గట్టి ఆక్షేపణ. దాన్ని గౌరవిస్తాను, జపానికి ముందు మనసును కడుక్కోవాలనుకునేవాడి నియమాన్ని ఏ పరీక్షా కొట్టివేయలేదు. అయితే ఆ శుద్ధి మనసుదే అయితే, పక్కవాడి చేయి తగిలి పోయేది కాదు. చేయి తగిలితే పోతుందన్నారా, అప్పుడది లోకంలోని వస్తువుల గురించి చెప్పిన మాట, రుజువు చూపించాల్సిందే. అవసరాన్ని బట్టి ఈ రెంటి మధ్య అటూ ఇటూ జరగడం వల్లే ఈ నమ్మకం ఇన్నాళ్లు నిలిచింది. ఈలోగా అసలు చెరుపు మరోవైపు సాగింది. క్రోమియం లవణాలు పడక పనివాళ్ల చేతుల చర్మం పగిలి పుండ్లవుతుంది. సల్ఫైడ్ మిగిలిన మురుగులో ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది; తొట్టి కడగడానికి దిగినవాడిని ఆ వాయువు నిమిషాల్లో చంపగలదు.