రథం ఆపి మాట్లాడాడు

ఆ సాయంత్రం గరివిడి నుంచి విజయనగరం వస్తున్నాను. గుర్ల ఇంకా రాలేదు. ఏప్రిల్ నెల. రోడ్డుకి ఎడమ పక్క బారుగా మొక్కజొన్న గింజ ఆరబోసి, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెట్టారు. మా వైపు రబీ పంట చేతికొచ్చిందంటే రోడ్డే కళ్లం. ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మా అమ్మాయి. బండి ఆపలేదు. ఫోన్‌ని హెల్మెట్‌లోకి దోపి, చెవికి ఆనించుకుని మాట్లాడుతూ నడుపుతున్నాను.

"పనసపొట్టు దొరికింది నాన్నా, ఆవ ఎంత పెట్టాలి?" అని అడిగింది. వాళ్లమ్మ పోయాక ఇలాంటివన్నీ నన్నే అడుగుతుంది. ఆవ ముందు పెట్టకూడదమ్మా, పొయ్యి దించాక, కూర కాస్త చల్లారాక కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది అని చెబుతున్నాను. చక్రం కింద గరగరమని చప్పుడైంది. బండి జారింది. ఎలా ఆగిందో నాకు తెలీదు. తలెత్తేసరికి నాకు బారెడు దూరంలో ఒక ముసలమ్మ. చెక్కతో గింజని కుప్పకి లాగుతున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

నా కళ్లు తెరిచే ఉన్నాయి. రోడ్డు వైపే ఉన్నాయి. ఆవిడ మాత్రం నాకు కనిపించలేదు.

ఆవిడ తిట్టలేదు. "సూసుకోవా బావూ? ఎవులితో మాటాడతన్నావు?" అంది అంతే. చెల్లాచెదురైన గింజని ఇద్దరం కలిసి ఎత్తాం. చేతులు వణుకుతూంటే నా దోసిట్లోంచి సగం మళ్లీ రోడ్డు మీదే పడింది. హెల్మెట్‌లోంచి మా అమ్మాయి "ఏమైంది నాన్నా? నాన్నా?" అని అరుస్తూనే ఉంది. "సిగ్నల్ పోయిందమ్మా" అన్నాను.

ఈ సంగతి విన్న వాళ్లంతా ఒకే మాట అన్నారు. పైడితల్లమ్మ చల్లగా చూసింది, గండం గడిచింది అని. నేనూ అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ నన్ను వదలని ప్రశ్న వేరు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నేను తప్పు చేయనట్టేనా? ఆవిడ ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే నేను మనిషిని చంపినవాణ్ణి. వేయలేదు కాబట్టి పెద్దమనిషిని. ఆ ఒక్క అడుగూ ఆవిడ చేతిలోని సంగతి. నా వైపు నుంచి చూస్తే రెండిట్లోనూ నేను చేసింది ఒక్కటే. చేసిన పని ఒక్కటే అయినప్పుడు పాపం రెండు రకాలుగా ఎలా ఉంటుంది?

ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, నాకు ఏ చిక్కొచ్చినా ముందు మాట దగ్గరికే పోతాను. ప్రమాదం అనే మాటని మనం దెబ్బ తగిలాక వాడతాం. పేపర్లో ప్రమాదం అంటే నుజ్జయిన బండి, గుడ్డ కప్పిన శవం. సంస్కృతంలో ఆ మాటకు అసలు అర్థం ఏమరుపాటు. మనసు ఉండాల్సిన చోట లేకపోవడమే ప్రమాదం. తర్వాత బండి గుద్దుకున్నదా, తప్పించుకున్నదా అన్నది ఆ మాటలో లేనే లేదు. నిఘంటువు ప్రకారం ఆ సాయంత్రం నాకు ప్రమాదం తప్పలేదు, జరిగింది. ఆవ గురించి చెబుతున్నంత సేపూ జరుగుతూనే ఉంది.

భారతం ఉద్యోగపర్వంలో నిద్ర పట్టని ధృతరాష్ట్రుడు సనత్సుజాతుణ్ణి మృత్యువు ఉందా లేదా అని అడుగుతాడు. ఏమరుపాటే మృత్యువు, ఏమరకుండా ఉండటమే అమృతత్వం అని ఆయన చెబుతాడు. పిల్లలకి పాఠం చెప్పే రోజుల్లో ఇది పెద్ద వేదాంతం అనుకునేవాణ్ణి. ఇప్పుడు రోడ్డు పక్క రాయి మీద రాయాల్సిన మాటలా కనిపిస్తుంది. శ్రీకాకుళం దగ్గర వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాల మధ్య తిరిగినప్పుడు కూడా ఇదే గుర్తొస్తుంది. అక్కడ బతికిన భిక్షువులు రోజూ అభ్యాసం చేసింది ఈ అప్రమాదాన్నే. బుద్ధుడు కన్ను మూసేముందు శిష్యులకు ఆఖరుగా అప్పగించింది కూడా ఈ మాటనే. మన మట్టిలో ఇంత పాతుకున్న మాటని మనం వార్తల్లో శవాల లెక్కకు వాడుకుంటున్నాం.

ఏమరుపాటు అంటే ఇక కంటకాపల్లి రైళ్ల సంగతి చెప్పాలి. 2023 అక్టోబర్ 29, ఆదివారం. 31వ తేదీ మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఊరికి చుట్టాలు దిగుతున్నారు. రాత్రి ఏడు గంటల వేళ, కొత్తవలస దాటాక కంటకాపల్లికీ అలమండకీ మధ్య, ముందు నెమ్మదిగా పోతున్న విశాఖపట్నం–పలాస పాసింజరును వెనక నుంచి విశాఖపట్నం–రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. 50 మంది దాకా గాయపడ్డారు. కొత్తవలసలో మా చెల్లెలింటికి వెళ్లి తిరిగి రావడానికి నేను ఎన్నోసార్లు ఎక్కిన బండ్లు అవి. ఆ పెట్టెల్లో కూరగాయల బుట్టల వాసన కూడా నాకు తెలుసు.

ఆ దారిలో రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లు పాడై ఉన్నాయి. అలాంటి చోట రైలు ఆగాలి. పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, తర్వాత పాకుతున్నట్టు పోవాలి. రాయగడ బండి ఈ నియమం పాటించకుండా ముందుకొచ్చిందని ప్రాథమిక విచారణలో తేల్చారు. దాని లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ అక్కడే చనిపోయారు. 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ వాళ్లిద్దరూ ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ చూస్తూ పరధ్యానంలో పడ్డారని చెప్పారు. ఆ రాత్రి లక్నోలో ప్రపంచ కప్పు మ్యాచ్, భారత్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య.

ఆ మాట విన్న వెంటనే నమ్మాను. మనసులో వాళ్లని తిట్టాను కూడా. తర్వాత బయటికొచ్చిన రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక ఆ మాటను కొట్టేసింది. ఆ సమయంలో వాళ్లు ఫోన్లు వాడినట్టు ఆధారం లేదు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎందుకు అంత తొందరగా నమ్మానని నన్ను నేను అడుక్కున్నాను. ఆ రాత్రి ఏడింటికి మ్యాచ్ చూస్తున్నది నేను. ఇంగ్లండ్ వికెట్లు పడుతూంటే సంబరపడుతున్నది నేను. నా పరధ్యానాన్ని తీసుకెళ్లి, జవాబు చెప్పుకోలేని ఇద్దరు మృతుల చేతుల్లో పెట్టాను. వాళ్ల తప్పు వాళ్లకుంది, నియమం తప్పారన్నది నివేదికల్లోనే ఉంది. చేయని తప్పు కూడా వాళ్ల మీద వేసే హక్కు నాకెవరిచ్చారు?

కంటకాపల్లి నాకు ఇంకొకటి నేర్పింది. చేతిలో ఫోన్ లేకపోయినా మనసు పోగలదు. అలసట మీద పోతుంది, రోజూ నడిచే దారే కదా అన్న ధీమా మీద పోతుంది. మరి ఫోన్‌ని నిషేధించి ఏం లాభం అని కొందరు అడుగుతారు. ఆ రెండు నిమిషాల నియమంలోనే నాకు జవాబు దొరికింది. ఎర్ర దీపం ముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడితే ఏమొస్తుంది? మనసు తిరిగొస్తుంది. పూజకి ముందు మనం సంకల్పం చెప్పుకుంటాం. ఏ ద్వీపంలో, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ వారం, నేనెవరిని అని అన్నీ చెప్పుకున్నాకే పువ్వు చేతిలోకి తీసుకుంటాం. ఎక్కడెక్కడో తిరుగుతున్న మనసుని ఈ చోటికి, ఈ క్షణానికి లాక్కొచ్చి కూర్చోబెట్టడం అది. మనసుని నమ్మలేం కాబట్టే నియమం పెట్టుకుంటాం. నమ్మదగిన మనసుంటే ఏకాదశికి ఉపవాసమెందుకు, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలెందుకు?

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు నన్ను నా పాఠంతోనే పట్టుకున్నాడు. "అష్టావధానం గురించి మీరే చెప్పారు కదండీ మాస్టారూ, ఎనిమిది పనులు ఒకేసారి. నేను రెండు చేయలేనా?" అన్నాడు. మంచి ప్రశ్న. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. సంబంధం లేని మాటలతో అవధాని మనసు చెదరగొట్టడమే ఆయన పని. అంటే మన పెద్దలు పరధ్యానానికి సభలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా విజయనగరం సంగీత కళాశాలకు పెద్దదిక్కుగా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు అవధానాలు చేశారు, ఒంటితో ఒకేసారి అయిదు తాళాలు వేశారు. అయితే అవధాని పద్యం తప్పితే సభలో నవ్వుతారు. ఎవరి కాలూ విరగదు. పైగా ఒక జీవితమంతా సాధన చేసినవాడికి అది సాధ్యమైందని లోకం ఇంకా చెప్పుకుంటోందంటే, మిగతా వాళ్లకి సాధ్యం కాదనే కదా. అవధానం అనే మాటకి అర్థమే ఏకాగ్రత. రోడ్డు మీద అప్రస్తుత ప్రసంగిని జేబులో పెట్టుకుని తిరగడానికి ఆ మాటని అడ్డు పెట్టుకోకూడదు.

బండి నడిపేవాడంటే సారథి. సారథి పేరెత్తితే మనకు ముందు కృష్ణుడే గుర్తొస్తాడు. కొత్త బండి కొంటే అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అద్దం దగ్గర గీతోపదేశం బొమ్మ అంటిస్తాం. ఆ బొమ్మని ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. అర్జునుడు రెండు సేనల మధ్య రథం నిలపమన్నాడు. కృష్ణుడు నిలిపాడు. ఆ తర్వాతే మాట మొదలైంది. పద్దెనిమిది అధ్యాయాలు, ఏడు వందల శ్లోకాలు, లోకంలోకెల్లా ముఖ్యమైన సంభాషణ, మొత్తం ఆపి ఉంచిన రథం మీదే నడిచింది. మాట్లాడుతున్నది సాక్షాత్తూ భగవంతుడు. ఆయన పగ్గాలు వదలకుండా మాట్లాడలేడా? అయినా రథం ఆపి మాట్లాడాడు. నేను పనసపొట్టులో ఆవ గురించి రథం నడుపుతూ చెప్పాను.

అదే భారతంలో శల్యుడున్నాడు. కర్ణుడికి సారథిగా వెళ్లి, ధర్మరాజు కోరినట్టే, దారి పొడుగునా ఎత్తిపొడుపు మాటలతో కర్ణుడి ధైర్యం దిగజారుస్తాడు. రథం మీదున్నవాడి మనసు చెదరగొట్టడం శత్రువు వాడే ఆయుధమని వ్యాసుడికి తెలుసు. మనం దాన్ని మన వాళ్ల మీదే, ప్రేమతో వాడుతున్నాం.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మొన్న చీపురుపల్లిలో ఒక వ్యాన్ డ్రైవర్ కనిపించి కాళ్లకి దణ్ణం పెట్టాడు. అతనూ నా శిష్యుడే. ఫోన్ పక్కన పెట్టి నడపరా అన్నాను. "నానేటి సేతును మాస్టారూ? ఓనరు ఫోన్ సేత్తే ఎత్తాల. ఎత్తకపోతే రేపట్నించి రావద్దంతాడు. ఎక్కడున్నావు, ఎంతసేపు, ఇదే. దార్లో పదిసార్లు సేత్తాడు," అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కర్మ ఫలంలో చేసినవాడికే కాదు, చేయించినవాడికీ, ప్రోత్సహించినవాడికీ, సరే అన్నవాడికీ సమాన వాటా ఉంటుందని మన పెద్దల మాట. ఆ లెక్కన వ్యాన్‌లో ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంటే, ఇంకొక చెయ్యి ఓనరు ఇంట్లో సోఫా మీద ఉంది.

చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019 సవరణతో చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ అని రాశారు. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ నిషేధం ఉండి తీరాలి, గట్టిగా అమలు కావాలి. అయితే చట్టం చేతిని చూస్తుంది. చెవిలో పెట్టుకున్న పరికరంతో మాట్లాడేవాడి మనసు ఎక్కడుందో పోలీసు చూడలేడు. ఫోన్ చేసినవాడి జోలికి చట్టం పోలేదు, పోజాలదు కూడా. అక్కడ ధర్మం ఒక్కటే మిగిలింది.

మా అమ్మాయికి ఆ సాయంత్రం సంగతి రెండు నెలల తర్వాత చెప్పాను. సిగ్నల్ పోలేదమ్మా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, గాలి చప్పుడు నాకు వినిపించింది. బండి మీదున్నావని తెలుసు. అయినా పెట్టేయలేదు," అంది. తప్పు నాదేనమ్మా, ఎత్తింది నేను కదా అన్నాను. "చేసింది నేను," అంది. ఇద్దరం ఒప్పుకున్న నియమం ఒకటుంది ఇప్పుడు. నేను బండి మీదుంటే ఫోన్ డిక్కీలో ఉంటుంది. ఇల్లు చేరాక నేనే చేస్తాను. తను ఎదురుచూస్తుంది.

దయచేసి మీరూ ఒకటి చేయండి. మీరు ఫోన్ చేసినప్పుడు అవతల గాలి చప్పుడో, హారనో వినబడితే, ఎంత పెద్ద మాటయినా సరే, చెప్పకుండా పెట్టేయండి.