పొరుగువాని బిందె

జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మమ్మల్ని ఆపి ఒక మస్అలా అడిగారు. వారింట్లో మునిసిపాలిటీ నల్లాకు నేరుగా మోటారు బిగించారట. ఆ నీటితో వుజూ అవుతుందా, కాదా? "మా వీధిలో అందరూ ఇలాగే లాగుతున్నారు హజ్రత్, మేమొక్కరం మానేస్తే మాకు చుక్క రాదు" అని కూడా అన్నారు.

అన్యాయంగా తీసుకున్న నీటితో చేసిన వుజూ హనఫీ ధర్మవేత్తల దృష్టిలో నెరవేరుతుంది, కాని చేసినవాడు పాపం మూటగట్టుకుంటాడు. హంబలీ ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారమైతే అసలు వుజూయే కాదు. వుజూ నెరవేరిందన్నంత మాత్రాన ఆ పాపం తొలగిపోదు. అది హక్కుల్ ఇబాద్‌కు, అంటే తోటి దాసుల హక్కుకు సంబంధించినది. పొరుగువాడు క్షమించనిదే దానికి విముక్తి లేదు.

నీటి వంతు గురించిన తగాదా ఒకటి స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. హజ్రత్ జుబైర్ (రజి) తోట కాలువకు ఎగువన ఉండేది, ఒక అన్సారీ సోదరుని తోట దిగువన ఉండేది. ముందు నీ తోట తడుపుకో, తరువాత నీటిని పొరుగువానికి వదులు అని ప్రవక్త (స) జుబైర్‌కు చెప్పారు. అన్సారీకి ఆ తీర్పు నచ్చలేదు. ప్రవక్త (స) తన మేనత్త కొడుకు పక్షం వహించారని అన్నాడు. నిసా సూరాలోని 65వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ జుబైర్ (రజి) భావించేవారు. తగాదాల్లో ప్రవక్త (స) తీర్పును మనసారా అంగీకరించనిదే విశ్వాసం పూర్తికాదని చెప్పే ఆయతు అది. కాస్త ఆలోచించండి, అంత గొప్ప ఆయతు వెనుక ఉన్నది ఒక నీటి కాలువ! ఎగువన ఉన్నవానికి కూడా ఉన్నదంతా పట్టుకునే హక్కు లేదు.

ఇక ఆరోగ్యం సంగతి. మన పట్టణాల్లో చాలాచోట్ల నల్లా రోజంతా రాదు. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు మోటారుతో లాగితే గాలితోపాటు చుట్టూ ఉన్నదంతా లోపలికి వస్తుంది. గొట్టానికి పగులు ఉండి, దాని పక్కనే మోరీ పారుతుంటే ఆ మురుగు నేరుగా నల్లాలోకి చేరుతుంది. లాగినవారి ఇంటికే కాదు, ఆ లైనుమీద ఉన్న అందరి ఇళ్ళకూ చేరవచ్చు.

ఈ మాట మేము కితాబుల్లో చదివి తెలుసుకున్నది కాదు. ఒక వర్షాకాలంలో మా మహల్లాలో రెండేళ్ళు నిండని పసివాడు వాంతులు, విరేచనాలతో మరణించాడు. జనాజా నమాజు మేమే చదివించాము. ఆ తండ్రికి సబ్ర్ గురించి, తఖ్దీర్ గురించి చెప్పాము. చెప్పినవన్నీ నిజాలే. కాని అదే వారం ఆ వీధిలో మరి కొందరు పిల్లలు మంచం పట్టారు. నీళ్ళు వాసన వస్తున్నాయని స్త్రీలు అంతకు పది రోజుల ముందునుంచే అంటున్నారు. మింబరు మీద మేము ఒక్క మాటైనా అనలేదు. ఆ నిర్లక్ష్యాన్ని తఖ్దీర్ ఖాతాలో వేసే అధికారం మాకు లేదు. షామ్‌లో మహమ్మారి ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సైన్యంతో వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని అడిగినవారికి, ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు.

మరొక పొరపాటు మనలో ఉంది. రంగు, రుచి, వాసన మారలేదు కదా, నీరు పాక్ అంటాము. వుజూకు ఆ నీరు పాక్ కావచ్చు, త్రాగడానికి సురక్షితమని మాత్రం దాని అర్థం కాదు. రోగక్రిములు కంటికి కనబడవు. నల్లా చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. నీటి శాఖ సిబ్బంది చిన్న సీసాలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగును బట్టి దానిని చూస్తారు. వారిని పిలిపించి మీ వీధిలో పరీక్ష చేయించండి. అడగడం మీ హక్కు. అనుమానం తీరేవరకు నీరు మరిగించి త్రాగండి. పిల్లలకు విరేచనాలైతే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, 14 రోజులు వేయవలసిన జింక్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. తాయెత్తు కట్టించుకుని ఇంట్లో కూర్చోకండి.

1908లో మూసీ వరద హైదరాబాదులో వేలమందిని బలిగొంది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలతో నిజాం ప్రభుత్వం వరదను ఆపడానికీ, నగరానికి త్రాగునీరు ఇవ్వడానికీ ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టించింది. జలాశయం ప్రభుత్వం కట్టగలదు. మన గుమ్మం ముందున్న నాలుగు గజాల గొట్టం దగ్గర మన దైవభీతే పనిచేయాలి.

మదీనాలో రూమా బావి నీరు డబ్బిస్తేనే దొరికేది. దాన్ని కొని అందరికీ ఇచ్చేవారికి ప్రవక్త (స) స్వర్గ శుభవార్త ఇచ్చారు. కొన్నవారి చేద కూడా తోటి ముస్లిముల చేదలతో సమానంగానే ఉండాలన్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో కొన్నారు. కొన్న తరువాత కూడా ఆయనకు ప్రత్యేక వంతు లేదు. మనం నెలనెలా బిల్లు కట్టి ప్రత్యేక వంతు కోరుతున్నాము!

ఆ సోదరునికి చివరికి ఇలా చెప్పాము: నల్లా నీరు తనంతట తాను సంపులో పడనివ్వండి, సంపు నుండి పై ట్యాంకుకు మోటారు పెట్టుకోండి, అందులో తప్పు లేదు. ఆయన విప్పారు. మొదటి రెండు వారాలు సగం సంపు కూడా నిండలేదని మాతో అన్నారు, కాస్త కోపంగానే. ఇప్పటికి ఆ వీధిలో నాలుగిళ్ళవారు విప్పారు. మిగతావారి దగ్గరికి ఈ ఆదివారం అసర్ తరువాత ఆయనను వెంటబెట్టుకునే వెళ్ళాలనుకున్నాము, ఇన్షా అల్లాహ్.