వీథి ఎవరిది?

ఇల్లు ఒకరిది, వీథి అందరిది. ఈ భేదము బాలురకు సైతము తెలిసినదే. అయినను ఊరి కలహములు తరచుగా ఈ రెంటి సరిహద్దునందే పుట్టుచున్నవి. గ్రామ వీథులు పంచాయతీకి చెందునని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము చెప్పుచున్నది. చట్టము కంటె ముందే ఊరి మర్యాద ఆ మాట చెప్పినది. అరుగునకు మాత్రము ఆ మర్యాద పట్టదు. ఏటేట జానెడు ముందునకు జరుగును.

దీనికి దురాశ ఒక్కటియే కారణము కాదు. పాత రోడ్డును త్రవ్వకుండ దానిపైననే కొత్త సిమెంటు రోడ్డు వేయుటచే వీథి ఎత్తు పెరుగును, ఇల్లు పల్లమగును. వానకాలమున నీరు గడప దాటి లోనికి వచ్చుచుండగా గృహస్థు మెట్లు పెంచును, మోటారు సైకిలు ఎక్కుటకు వాలు పోయించును, మురుగు కాలువపై బండలు పరచును. ఒక్కొక్కరి పని న్యాయముగనే తోచును. అందరి న్యాయములు కలిసి వీథిని సందుగా మార్చును. ఎడ్లబండి నడచిన కాలమున ఆ ఇరుకు సహ్యమే. ట్రాక్టర్లును మోటారు సైకిళ్లును వేగముగ వచ్చు ఈ దినములలో గడప దాటిన బిడ్డ చక్రము ఎదుటనే నిలుచుచున్నాడు. ప్రమాదము జరిగిన మఱునాడు యువకులు తామే సిమెంటుతో స్పీడు బ్రేకరు పోయుదురు. తెల్లగీత లేని ఆ కట్ట రాత్రివేళ మఱియొకనిని పడద్రోయును.

ఇక ఇల్లే లేనివాడు రోడ్డు అంచున గుడిసె వేసికొనును. ఆక్రమణ అను ఒకే మాట క్రింద అరుగు పెంచినవానిని, గుడిసె వేసినవానిని జమకట్టుట ధర్మమా? 1985లో బొంబాయి కాలిబాట నివాసుల కేసులో సుప్రీంకోర్టు ఇట్టి చిక్కునే ఎదుర్కొన్నది. జీవనోపాధి హక్కు జీవించు హక్కులో భాగమేయనియు, అయినను కాలిబాటను ఆక్రమించు హక్కు ఎవరికిని లేదనియు చెప్పినది. రెండును నిజములే. ఉన్నవాడు వెనుకకు జరుగగలడు. లేనివానికి జరుగుటకు వెనుక చోటు లేదు. కావున మొదట తొలగవలసినది అరుగే గాని గుడిసె కాదు. ఆచరణలో ఇది తరచు తలక్రిందులుగ జరుగుచుండుట అందరు ఎఱిగినదే.

గుడిసెవానికి స్థలమిచ్చిన సమస్య తీరునందురు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న ఆరంభమైన ఇళ్ల స్థలముల పంపిణీలో గ్రామములందు కుటుంబమునకు సెంటున్నర, అనగా 72 చదరపు గజములకు కొంచెము ఎక్కువ, నిర్ణయించిరి. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకములో ఇంటి కనీస వైశాల్యము 25 చదరపు మీటర్లు, మైదాన ప్రాంతములలో సాయము 1,20,000 రూపాయలు. కొలతలు అటుండనిండు. చౌకగా దొరకు భూమి ఊరి నడుమ దొరకదు. పలుచోట్ల చెఱువు దిగువనో, పెద్దరోడ్డుకు ఆవలనో దొరకును. అప్పుడు బడికి పోవు పిల్ల దినమునకు రెండు మారులు లారీల నడుమ రోడ్డు దాటవలెను. ఇల్లు వచ్చినది, దారి రాలేదు. నివాస హక్కనగా తలపై కప్పు మాత్రమే కాదనియు, వెలుతురు, నీరు, పారిశుద్ధ్యము, రోడ్లు అందులో చేరుననియు చమేలీ సింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇచట స్మరింపదగినది.

ఊరిలో జాగా ఎక్కడ అని అడుగువారు ఒకసారి పాత వీథుల వెంట నడువవలెను. పట్టణములకు వలసపోయిన కుటుంబముల ఇండ్లు తాళములతో, మొండిగోడలతో, లోపల మొలచిన తుమ్మచెట్లతో నిలిచియున్నవి. బడి, నీటి కుళాయి, అంగడి వాటి చెంతనే యుండును. యజమాని అందు నివసింపడు, అమ్మడు, అద్దెకును ఈయడు. ఆయన హక్కును ఎవరును కాదనరు. అయితే ఆ హక్కు మూలమున మఱియొకరి బిడ్డ పెద్దరోడ్డు దాటవలసివచ్చుచున్నపుడు అది ఆయన సొంత విషయముగ మిగులునా? కాయకముతో ఆర్జించినదానిని సమాజమునకు అర్పించుట దాసోహమని బసవేశ్వరుని అనుయాయులు నేర్చిన పాఠము. అది ధాన్యపు గాదెతో ఆగవలసిన పని లేదు. జాతర అన్నదానమునకు బియ్యపు బస్తాలు వెనుదీయక పంపు దాతయే రెండు సెంట్ల పాడుజాగా విడుచుటకు పదిమారులు తలచును. ఉచితముగ ఈయలేనివాడు తగిన ధరకు అమ్మవచ్చును, వ్రాతపూర్వకముగ అద్దెకైన ఈయవచ్చును.

ఆవాస పథకపు లబ్ధిదారుల జాబితాను గ్రామసభ పరిశీలించును. తాళము వేసిన ఇండ్ల లెక్కయు, వీథుల వెడల్పు లెక్కయు ఆ సభలోనే అడుగవచ్చును. సభకు పోవుటకు ముందు ఎవరి అరుగు వారు కొలుచుకొనుటకు ఏ అధికారి ఉత్తరువును అక్కరలేదు.